అడిగిన పాపానికి

ఆ ఆదివారం పొద్దున బొమ్మల దుకాణం సేల్స్‌మన్‌కి ఒకటే పని, నాలుగు ఇంగ్లీషు ప్రశ్నలు బట్టీ పట్టడం. క్రిస్మస్ వారంలో కొనేవాళ్లను ఎవరు ఇంగ్లీషులో చక్కగా పలకరిస్తే వాళ్లే సూపర్‌వైజర్ అని యజమాని చెప్పాడు. ఏళ్ల తరబడి నిలబడి కాళ్లు వాచిన మనిషికి ఆ సూపర్‌వైజర్ కుర్చీ కలలోకి కూడా వస్తోంది. దుకాణంలో నియమం ఒకటుంది. కొనేవాళ్లు ఏం కోరినా ముందు నవ్వి "ష్యూర్" అనాలి. సరుకు ఉందో లేదో ఆ తర్వాత చూసుకోవచ్చు.

అతను ఆ ప్రశ్నల పుస్తకం పట్టుకుని వంటింట్లోకి వెళ్లాడు.

"వాట్ వుడ్ యూ లైక్ ఫర్ క్రిస్మస్?"

భార్య చేతిలో గరిటె ఆగిపోయింది. నీకేం కావాలని మొగుడు అడగడం పెళ్లయ్యాక ఇదే మొదలు. ఏ భాషలో అడిగితేనేం?

"వాషింగ్ మెషీన్ అండీ."

"ష్యూర్. హూ ఈజ్ కమింగ్ ఫర్ క్రిస్మస్?"

"ఎవరొస్తారంటే... మా అమ్మావాళ్లని రమ్మననా?"

"ష్యూర్," అన్నాడు పుస్తకంలోంచి తల ఎత్తకుండా. ఆమె కళ్లు తుడుచుకుంది. అదంతా తన ఉచ్చారణ మహిమే అనుకున్నాడు అతను.

అదే ఊపులో మెట్ల మీద పక్కింటి టైలర్‌ని అడిగాడు. ఆ పెద్దాయన పడక కుర్చీ కోరాడు. దానికీ ఇతను ష్యూర్ అన్నాడు. టైలర్ కడుపులో మాట దాగదు. మధ్యాహ్నానికల్లా గుమ్మం ముందు వీధి సగం నిలబడింది.

"అందర్నీ అడిగి నన్ను వదిలేశారేం సార్?" అని ఇస్త్రీ ఆయన నిష్ఠూరమాడాడు. అతని వెనకాలే పెట్టెలతో అత్తగారు, మామగారు, బావమరిది దిగారు.

"మీరే రమ్మన్నారని అమ్మాయి ఫోన్ చేసింది. ఇంక ఆగలేకపోయాం అల్లుడుగారూ," అంది అత్తగారు.

అతను భార్యని పక్కకి పిలిచాడు. "అది ప్రాక్టీసే. నిజంగా అడగలేదు."

"నేను మాత్రం నిజంగానే చెప్పానండీ," అందామె. తల్లి చేతిలో పెట్టె అందుకుని లోపలికి వెళ్లిపోయింది. అతనికి నిజంగానే సిగ్గేసింది.

మర్నాడు యజమాని తానే కొనేవాడిలా వచ్చి ఎదురుగా నిలబడ్డాడు. అతను ప్రశ్న అడిగాడు, అప్పజెప్పినట్టు, ఒక్క తప్పు లేకుండా.

"పెద్ద రైలు బొమ్మ. రేపటికల్లా ఇంటికి చేర్చాలి," అన్నాడు యజమాని.

ష్యూర్ అనబోయాడు. నిన్న గుమ్మం ముందు చేరిన జనమంతా కళ్ల ముందు మెదిలారు.

"ఊరికే అడిగానండీ. ఇస్తానని కాదు," అనేశాడు తెలుగులో.

తోటి సేల్స్‌మన్లు నోళ్లు తెరిచారు. కుర్చీ పోయినట్టేనని అతను తల దించుకున్నాడు. యజమాని మాత్రం అతన్ని ఎగాదిగా చూశాడు.

"మర్యాదగా అడుగుతావు, ఏదీ ఒప్పుకోవు. అమ్మిన సరుకు వాపసు తెచ్చేవాళ్ల కౌంటర్‌కి ఇలాంటి మనిషి కోసమే ఎప్పట్నించో వెతుకుతున్నానయ్యా. ఇవాళ్టి నుంచి అక్కడ సూపర్‌వైజర్‌వి నువ్వే."

కుర్చీ మెత్తగానే ఉంది. జీతం పెంచుతారా అని అడగాలని నోటిదాకా వచ్చింది గానీ, యజమాని నవ్వి ష్యూర్ అంటాడేమోనని భయపడి ఊరుకున్నాడు.