ఒకటి తక్కువైన ప్రోటీన్ డబ్బా

ప్రకృతి ఇరవై అమైనో ఆమ్లాలతో సమస్త ప్రోటీన్లనూ, ప్రోటీన్లతో సమస్త జీవులనూ, ఆ జీవులతో ప్రత్యేక పోషకాహార మంజూరు కార్యాలయాన్నీ నిర్మించింది. (మూడోదానికి టెండరు పిలిచినట్టు ఆధారాలు లేవు.)

ఆ కార్యాలయం రెండో కౌంటరుకు బట్టలు కుట్టుకునే ఒకావిడ ఆరేళ్ల కూతురితో వచ్చింది. ఆ ఇరవైలో ఫినైల్ అలనిన్ అనేదాన్ని పాప ఒంట్లో విరగ్గొట్టాల్సిన ఎంజైము పని చేయదు. అది పేరుకుంటే మెదడు దెబ్బతింటుంది. అందుకే అదొక్కటి లేని ప్రోటీన్ పొడి పాపకు రోజూ తాగించాలి. ఇంట్లో పదకొండు రోజులకే ఉంది.

గుమాస్తా ఆమె తెచ్చిన పొడి డబ్బా మీది అమైనో ఆమ్లాల జాబితాను వేలు పెట్టి లెక్కబెట్టాడు.

"పంతొమ్మిదే ఉన్నాయి. ఒకటి తగ్గిందమ్మా."

"తగ్గించే చేశారు సార్."

"తెలిసే చేశారా? అయితే కేసు ఇంకా పెద్దది. అసలు ఆ ఎంజైముకేం రోగం?"

"అదీ ప్రోటీనే సార్. అమైనో ఆమ్లాలు వరసగా గుచ్చుకుని, సరిగ్గా మడత పడితేనే పని చేస్తుందట. మా పాపకి వరసలో ఒకటి మారింది, మడత చెడింది. చంక దగ్గర కుట్టు తప్పితే చొక్కా అంతా బాగున్నా చెయ్యి పైకి లేవదు చూడండి, అలాగ."

గుమాస్తా తన చెయ్యి పైకెత్తి చూసుకున్నాడు. తర్వాత నిబంధన చదివాడు: ఇరవయ్యో ఆమ్లాన్ని స్వచ్ఛందంగా వదులుకుంటున్నట్టు లబ్ధిదారే సంతకం చేయాలి. పాప నాలుక బయటపెట్టి, శ్రద్ధగా సంతకం చేసింది. ('ళ' మాత్రం తిరగబడింది. సవరణకు ఇంకో ఫారం.)

చివరికి ఫైలు పర్యవేక్షకుడి బల్ల మీదికి చేరింది. ఆయన రక్తపరీక్ష రిపోర్టు చూసి కళ్లజోడు తీశాడు.

"రిపోర్టు నార్మల్‌గా ఉందే! ఇక పొడి ఎందుకు?"

ఆరేళ్లుగా ప్రతి ముద్దా తూకం వేసి పెట్టిన తల్లి రిపోర్టు పక్కన డబ్బా పెట్టింది.

"పొడి తాగుతోంది కాబట్టే నార్మల్ సార్."

"అది మీరంటున్నారు. మానేసి, రక్తంలో అది పెరిగాక రిపోర్టు తెండి."

"పెరిగితే మెదడు చెడుతుంది సార్. మళ్లీ బాగవదు."

"బాగవకపోతే మీకే సుఖం. ఏటేటా తిరగక్కర్లేదు, శాశ్వత కార్డు ఇచ్చేస్తాం."

ఆమె కుర్చీ లాక్కుని, ఆయన అనకుండానే కూర్చుంది.

"సరే సార్. ఆ మాటే కాగితం మీద రాసివ్వండి. పొడి ఆపి, మెదడు చెడ్డాక రమ్మని. కింద మీ సంతకం, స్టాంపు."

పర్యవేక్షకుడు కలం మూత తీశాడు. పెట్టాడు. మళ్లీ తీశాడు. (అలాంటి సంతకానికి ఆ కార్యాలయంలో ఫారం లేదు.) గది బయట లైన్లో ఉన్నవాళ్లంతా తలుపులోంచి తొంగి చూస్తున్నారు.

పావుగంటలో ఉత్తర్వు వచ్చింది: "దరఖాస్తుదారు ఆరోగ్యంగా ఉన్నప్పటికీ, ఈ ఒక్కసారికి క్షమించి, మూడు నెలలకు మంజూరు చేయడమైనది."