నరసింహప్పప్పప్పప్ప కేసు

"నేరం పుట్టకముందే దాని జాతకం రాసేసేవాడే ఈ కొండప్ప!"

బాగేపల్లి బస్టాండు ఎదుట, తన జిరాక్సు అంగట్లో నిలబడి మా కొండప్ప చేసిన ప్రకటన ఇది. విన్నవాళ్ళం ఇద్దరం, నేనూ జిరాక్సు మిషనూ. మిషను అదృష్టం, కాసేపటికి వేడెక్కి ఆగిపోయింది.

కొండప్ప నాకు బడి నాటి స్నేహితుడు. నల్ల కళ్ళద్దాలు, నూనె కారే ఉంగరాల జుట్టు, ఒక జేబులో దువ్వెన, ఇంకో జేబులో 'డిటెక్టివ్' అని సొంత అంగట్లోనే అచ్చేసుకున్న కార్డులు. కళ్ళద్దాలు పెట్టుకుంటే మారువేషం కింద లెక్క. ఆ మారువేషంలో బజారుకెళితే దారి పొడుగునా "బాగుండావా కొండన్నా?" అని పలకరిస్తారు. ఒకసారి గుడిబండెలో తప్పిపోయిన మేకను వెతకడానికి వెళ్ళాడు. మేక తనంతట తానే ఇల్లు చేరింది. దారి తప్పిన కొండప్పను మేం వెళ్ళి తెచ్చుకున్నాం.

నేను ఆ పక్కనే బంగారం మీద అప్పులిచ్చే ఫైనాన్స్ కంపెనీలో గుమాస్తాను. సాఫ్ట్‌వేర్ మారినప్పుడల్లా మేమంతా ఆదివారం ఆఫీసుకొచ్చి, ఉత్తుత్తి కస్టమర్ల పేర్లు కొట్టి, ఉత్తుత్తి లోన్లిచ్చి, అన్నీ సరిగ్గా పనిచేస్తున్నాయో లేదో చూడాలి. ఆ సాఫ్ట్‌వేరేమో ఊసరవెల్లి. దాని పుణ్యమా అని విదురాశ్వత్థ గుడిలో తీయించాల్సిన మా అబ్బాయి పుట్టెంట్రుకలు వాయిదా పడుతూనే వచ్చాయి. ఇప్పుడు వాడికి రెండు జడలు. బస్సులో ఎవరైనా "పాప పేరేమమ్మా?" అని అడిగితే నా భార్య అంబిక నావైపు చూసే చూపుకి నాకు దిగిపోవాలనిపిస్తుంది.

"ఈ ఆదివారం గూడా ఆఫీసంటే కత్తెర నేనే తీస్తా. ఎవురి జుట్టో ముందు చెప్పను," అనేసింది.

మమ్మల్ని గట్టెక్కించడానికి చిక్కబళ్ళాపురం హెడ్డాఫీసు నుంచి రంజిత వచ్చింది. మేం చేత్తో చేసే పరీక్షలన్నీ ఇక ప్రోగ్రామే చేసేస్తుందట, దాన్ని ఆటోమేషన్ అంటారట. మధ్యాహ్నం మేం భోజనాలకు లేచాక, లోపలి గదిలో తన ల్యాప్‌టాప్ ముందు కూర్చుని మా గదిలో మూలనున్న కంప్యూటర్‌ను నడిపించేది. ఎవరి చెయ్యీ తగలకుండానే స్క్రీను మీద బాణం కదిలేది, అక్షరాలు పడేవి. ఆ వేళ కీబోర్డుతో పనేముంది? అందుకని ఆఫీసు ఊడ్చే మునిరత్నమ్మ దానిమీద తువ్వాలు కప్పి, తర్వాత తీసేసేది.

అంతా బాగానే ఉండేది గానీ, కస్టమరు పేరు దగ్గరికొచ్చేసరికి 'నరసింహప్ప' కాస్తా 'నరసింహప్పప్పప్పప్ప' అయి, గడి నిండిపోయి, ఎర్రగా ఫెయిల్ అని వచ్చేది. భోజనాలయ్యాక రంజిత అదే పేరు చేత్తో కొడితే చక్కగా పడేది. దినామూ ఇదే వరస.

మేనేజరు బయ్యప్ప తేల్చేశాడు. "రేపు గూడా ఫెయిలైతే ఈ ఆటో గీటో వద్దమ్మా. ఆదివారం అందరూ రండి, చేత్తోనే చూసుకుందాము."

రంజిత కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నా కళ్ళలోనూ.

ఇదంతా కిటికీ అవతలి నుంచి విన్న కొండప్ప లోపలికి దూకాడు. "ఆటోనా? నంబరు చెప్పండి!"

"నంబరు లేదన్నా, ఇది..." అంది రంజిత.

"నంబరు ప్లేటే లేదా? డ్రైవరెవురు?"

"డ్రైవరుంటే ఇంకేమప్పా! దానంతటదే పోతాది," అన్నాను విసుగ్గా.

"డ్రైవరు పరారీ!" కొండప్ప కళ్ళద్దాలు తీసి స్క్రీను మీది పేరు చూసి నావైపు తిరిగాడు. "ప్ప, ప్ప, ప్ప... రేయ్ మంజూ, ఇది ముఠా గుర్తు! పేరు చివర 'ప్ప' ఉండేవాడే హంతకుడు."

"హంతకుడా? చచ్చిందెవురు?"

"అది నిదానంగా తేల్చుకుందాము."

"ఊళ్ళో సగం మంది పేర్లకి 'ప్ప' ఉండాది. మా మేనేజరు బయ్యప్ప. నువ్వు కొండప్ప."

కొండప్ప గంభీరంగా తల ఊపాడు. "నన్ను నేను ఎప్పుడో అనుమానించినా. సాక్ష్యం చాలక వదిలేసినా."

మర్నాడు మధ్యాహ్నం మిరపకాయ బజ్జీలు తిని, సోడా సీసా పట్టుకుని మూల టేబుల్ కింద దూరాడు. నాకు కాపలా పని. "సంఘటనా స్థలంలో ఏదీ ముట్టగూడదు, జాగ్రత్త!" అని నాకు పాఠం కూడా చెప్పాడు.

పరీక్ష మొదలైంది. బాణం కదిలింది. కొండప్ప చివ్వున లేచి మౌస్ పట్టుకున్నాడు. "దొరికినాడు!"

కొండను తవ్వి ఎలుకను పట్టడం విన్నాను గానీ, కొండే లేచి ఎలుకను పట్టడం అప్పుడే చూశాను.

"వదులు రా సామీ! నా సంసారం దాంట్లో ఉండాది!" అని మొత్తుకున్నాను.

వదిలాడు. కానీ బజ్జీల మంటకి ముఖం చెమటలు కక్కుతోంది. చేతికందిన తువ్వాలు లాగి తుడుచుకున్నాడు. దాని కింద బాగా లావుపాటి నిమ్మకాయ ఒకటి కనిపించింది. కొండప్ప కళ్ళు మెరిశాయి. తీసుకుని, పంటితో కొరికి, సోడాలో పిండి, గటగటా తాగేశాడు.

స్క్రీను మీద పేరు పడింది. నరసింహప్ప. అంతే, అక్కడే ఆగింది. ఆ తర్వాత లోను, రసీదు, అన్నీ చకచకా అయిపోయి పచ్చగా పాస్ అని వచ్చింది. రంజిత లోపలి గదిలోంచి కేక పెట్టుకుంటూ పరిగెత్తుకొచ్చింది. వెనకే బయ్యప్ప.

కొండప్ప తేన్చాడు. "అనుకున్నట్టే అయింది."

అంతలో మునిరత్నమ్మ వచ్చి కీబోర్డు చూసి గుండె మీద చెయ్యి వేసుకుంది. "అయ్యో, నిమ్మకాయ యాడ?"

"ఏం నిమ్మకాయమ్మా?" అన్నాడు బయ్యప్ప.

"బిడ్డ అంత కష్టపడి చేసింది గదా సామీ. చెయ్యి తగలకుండానే రాస్తాండాది, నాలుగు కండ్లు పడవా? అందుకే దినామూ దిష్టి తీసి దాని మీదనే పెడ్తాండా. మీరొచ్చేలోగా తీసి బయట పారేస్తా."

రంజిత కీబోర్డు మీదికి వంగింది. "యాడ పెడ్తావమ్మా?"

మునిరత్నమ్మ వేలు పెట్టి చూపించింది. సరిగ్గా ఇంగ్లీషు 'పి' అక్షరం మీద.

రంజితకి ముందు నవ్వొచ్చింది, తర్వాత ఏడుపొచ్చింది. మునిరత్నమ్మను గట్టిగా వాటేసుకుని, "ఇంత బరువుగా దీవిస్తే ఎట్లమ్మా!" అంది.

"సరే, ముద్దాయి యాడ?" అన్నాడు బయ్యప్ప.

కొండప్ప పొట్ట నిమురుకున్నాడు. "నా కస్టడీలో ఉండాడు."

మునిరత్నమ్మ గుడ్లు తేలేసింది. "తాగేస్తివా! దిష్టి తీసిన కాయ సామీ అది! ఆ దిష్టంతా ఇంక నీకే!"

డిటెక్టివ్ ముఖం పాలిపోయింది. "విరుగుడేమమ్మా?"

ఆమె అతని ఉంగరాల జుట్టు వైపు జాలిగా చూసింది.

ఆదివారం ఆఫీసు లేదు. విదురాశ్వత్థలో మావాడికి పుట్టెంట్రుకలు, పక్క పీట మీద కొండప్పకు దిష్టెంట్రుకలు తీశారు. మావాడు నున్నటి గుండుతో మగపిల్లాడిలా నవ్వుతుంటే నా మనసు నిండిపోయింది. అంబిక కూడా ఎన్నాళ్ళకో నావైపు చల్లగా చూసింది.

చిత్రాన్నం వడ్డిస్తూ అంబిక కొండప్ప ఎదుటికొచ్చి ఆగి, పక్కనున్న నా చెవిలో గొణిగింది. "ఇదో, ఎవురో పెద్దాయప్ప మన పంక్తిలో కూచోనుండాడు. వడ్డించేదా?"

కొండప్పకు ఆ మాట వినపడింది. గుండు తడుముకున్నాడు. కళ్ళ వెంట నీళ్ళు కారుతుండగా నా భుజం పట్టి ఊపేశాడు.

"రేయ్ మంజూ, నన్ను కనుక్కోలేదు రా! మారువేషం పనిచేసింది!"