మావారి మీద అభిప్రాయం

ఆ పొద్దున, ఫ్యాక్టరీలో అందరూ తర్జుమా అని పిలిచే గుమస్తా వేసుకున్న పథకం చాలా చిన్నది. పదింటికి ఆఫీసు. పన్నెండులోపు అభిప్రాయ ఫారాలు పోస్టులో పడెయ్యడం. నాలుగింటికి బావను వెంటబెట్టుకుని ఫ్యాక్టరీ డాక్టరు దగ్గరకు వెళ్లడం. అంతే.

స్నానాల గదిలో బావ దగ్గుతున్నాడు. ఆ దగ్గు మొదలైతే వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగిపోతుంది. అక్క గరిటె చేత్తో పట్టుకుని, దగ్గు తెగేదాకా అలాగే నిలబడింది.

“ఈసారైనా సరైన కాగితం రాయించరా. దుమ్ము వల్ల వచ్చిందని ఫ్యాక్టరీ డాక్టరు ఒక్క ముక్క రాస్తే పెద్దాసుపత్రిలో చేర్చుకుంటారు. నాలుగేళ్లుగా తిరుగుతున్నాం,” అంది.

“నా చేతిలో ఉంటే ఎప్పుడో రాసిచ్చేవాణ్ని అక్కా.”

“నీ చేతిలో ఉన్నవి రాస్తూనే ఉన్నావుగా,” అన్నాడు బావ తువాలుతో మొహం తుడుచుకుంటూ వచ్చి. “ఆరేళ్లుగా నీ రిపోర్టులో దుమ్ము అదుపులోనే ఉంది. తప్పిందల్లా నా ఊపిరే.”

బావది రేకుల ఫ్యాక్టరీలో, మిక్సింగ్ షెడ్డులో పని. ఇళ్ల కప్పులకు వేసే రేకుల్లో సిమెంటుతో పాటు ఆస్‌బెస్టాస్ అనే రాతినార కలుపుతారు. ఆ నార పొడి పీల్చినవాడి ఊపిరితిత్తులు పాడవుతాయని చాలా దేశాలు దాన్ని నిషేధించాయి. ఈ ఫ్యాక్టరీ నిషేధించలేదు. బదులుగా ఏటా ఒక బాధ్యతా నివేదిక అచ్చు వేయిస్తుంది. నున్నటి కాగితం, అట్ట మీద పచ్చటి ఆకు. హెడ్డాఫీసు నుంచి వచ్చే ఆ నివేదికను తెలుగులో పెట్టే గుమస్తా కాబట్టే ఈ బావమరిదికి ఫ్యాక్టరీ అంతా తర్జుమా అని పేరు పెట్టింది. ఇక ఫ్యాక్టరీ డాక్టరు సంగతి. దగ్గుతో ఎవరు వెళ్లినా, కూర్చోమనకముందే “సిగరెట్ అలవాటు” అని రాసి పంపేస్తాడు. బావ పుట్టి బుద్ధెరిగి సిగరెట్ ముట్టలేదు.

ఆఫీసులో బాధ్యతల మేనేజరు హుషారుగా ఉన్నాడు. ఫ్యాక్టరీలో ఏం జరిగినా ఆయన బాధ్యత వహించడు, బాధ్యత మీద పుస్తకం వేయిస్తాడు. ఈ ఏడు హెడ్డాఫీసు కొత్తగా ఒక ఫారం పంపింది. ఫ్యాక్టరీతో సంబంధం ఉన్న బ్యాంకువాళ్లు, డీలర్లు, అధికారులు, అలాంటి డెబ్బై మంది స్టేక్‌హోల్డర్లు నివేదిక మీద అభిప్రాయం రాసివ్వాలి. స్టేక్‌హోల్డరుకు తెలుగు మాట దొరక్క రెండు రోజులు తల గోక్కుని, తర్జుమా “భాగస్వామి” అని పెట్టాడు. ప్రశ్నల్లో “సంస్థ” అని రాస్తే మేనేజరు మొహం చిట్లించాడు.

“సంస్థ అంటే మరీ చల్లగా ఉందయ్యా. ఆప్యాయంగా, మా వాళ్లు అన్నట్టు ఏదైనా వెయ్యి.”

తర్జుమా “మా వారు” అని వేశాడు. లైను సరిపోలేదని ప్రెస్సువాడు మధ్యలో ఖాళీ తీసేశాడు. పైగా నాలుగువందలకు తక్కువైతే మెషిను తిప్పనన్నాడు.

ఆ నాలుగువందల కట్ట మీద మేనేజరు స్వహస్తాలతో చీటీ అంటించాడు. “భాగస్వాములందరికీ ఈరోజే అందాలి. రేపు పొద్దుటికి నింపి వెనక్కి రావాలి. ఒక్కటీ తగ్గకూడదు.” కింద సంతకం. డెబ్బై చిరునామాల జాబితా మాత్రం ఆయన సొరుగులోనే పడుంది. పోస్టు పంపేది గేటు దగ్గరి టైం ఆఫీసు నుంచి కాబట్టి కట్ట అక్కడికి వెళ్లింది. అక్కడ ఒక పెద్దాయన ఉంటాడు. ముప్ఫై ఏళ్ల సర్వీసులో ఒక్క ఉత్తర్వునూ జవదాటలేదు, ఒక్కదాన్నీ సరిగ్గా అర్థం చేసుకోలేదు. ఫారం తిరగేశాడు. పైన “భాగస్వామి అభిప్రాయ పత్రం”. లోపల అడుగడుక్కీ “మావారు”. ఇక అనుమానమేముంది?

నాలుగింటికి బావ కోసం గేటు దగ్గరకొచ్చిన తర్జుమాకు ఆమడ పొడవు వరుస కనిపించింది.

“ఇంటికి తీసుకెళ్లు. మీ ఆవిడ చేత నింపించు. రేపు తేకపోతే హాజరు కార్డు పడదు,” అంటున్నాడు పెద్దాయన ఒక్కొక్కరికీ ఫారం అందిస్తూ.

“నాకింకా పెళ్లి కాలేదండీ,” అన్నాడొక కుర్రాడు.

“రేపు పొద్దుటిదాకా టైముందిగా!”

ఇంకొకాయన అటూ ఇటూ చూసి, చెవి దగ్గరగా వంగి, “రెండిస్తారా?” అన్నాడు. పెద్దాయన కళ్లద్దాల పైనుంచి ఒకసారి చూసి, మారు మాట్లాడకుండా రెండిచ్చాడు. “తగ్గకూడదన్నారు. ఎక్కువైతే పర్లేదు.”

తర్జుమా వరుసను తోసుకుంటూ ముందుకెళ్లాడు. “ఆపండి పెద్దాయనా! ఇవి వీళ్లకు కాదు!”

“అలాగా? ఆపమని సంతకం పెట్టిన చీటీ తే.”

సంతకం పెట్టే మేనేజరు మూడింటికే ఇంటికెళ్లిపోయాడు. మూడువందల పన్నెండు మంది కార్మికులు, మూడువందల పదమూడు ఫారాలు మడిచి జేబుల్లో పెట్టుకుని గేటు దాటారు. ఆ వరుస కదిలేసరికి నాలుగున్నర. డాక్టరు గదికి తాళం.

బావ తాళం వంక చూసి, ఫారం వంక చూశాడు. పైకి చదివాడు. “మావారు గత ఏడాది ఇచ్చిన హామీలలో ఎన్ని నెరవేర్చారు? ఒరేయ్, ఇది నువ్వు రాసిందేనా? కొంపలు ముంచడానికి ఇంత నున్నటి కాగితం ఎందుకురా?”

“రేపు నా ఉద్యోగం ఊడుతుంది బావా.”

“ఊడితే నాతోపాటు షెడ్డుకి రా. అక్కడ దుమ్ము అదుపులోనే ఉందటగా.”

మర్నాడు పదింటికి మేనేజరు బల్ల మీద గోనెసంచి వచ్చి పడింది. వెనకాలే పెద్దాయన. “ప్రతిదానికీ ‘అందినది’ ముద్ర వేసి రిజిస్టరులో ఎక్కించాను సార్. ఒక్కటీ తగ్గలేదు.” మేనేజరు గుప్పెడు తీసి చదివాడు. తర్వాత తర్జుమా వంక చూసిన చూపు కాగితం మీద పెట్టేది కాదు.

“మావారు పారదర్శకంగా ఉంటున్నారా?” అన్నదానికి ఒకావిడ, “ఆదివారాలు ఎక్కడుంటారో నాకూ తెలియదు” అని రాసింది. అదే ఇంటిపేరుతో ఉన్న మరో ఫారంలో, “ఆదివారాలు మాత్రమే ఉంటారు” అని ఉంది. వ్యర్థాలను సరైన చోట పారవేస్తున్నారా? “విడిచిన బట్టలు మంచం మీదే.” మావారితో సంబంధం మరో ఏడాది కొనసాగిస్తారా? “వేరే దారి ఉంటే తెలుపగలరు.” పెళ్లికాని కుర్రాడి ఫారం వాళ్లమ్మ నింపింది. “ముందు ఒక భాగస్వామిని చూపించండి. అభిప్రాయం తర్వాత చూద్దాం.”

తర్జుమా భయం మధ్యలో కూడా నవ్వాపుకోలేకపోయాడు. ఆరో ప్రశ్న దగ్గర ఆ నవ్వు ఆగింది.

“మావారి వల్ల శబ్ద కాలుష్యం ఉందా?”

ఉంది, దగ్గు. ఉంది, తెల్లార్లూ దగ్గే. ఉంది, కూర్చుని నిద్రపోతారు, పడుకుంటే ఊపిరాడదు. ఫారం వెంట ఫారం అదే మాట. పెన్సిలుతో, పెన్నుతో, పిల్లల చేత రాయించి వేలిముద్ర వేసి. అడుగునెక్కడో అక్క దస్తూరి కనిపించింది.

“ఉంది. షెడ్డులో వేశాకే మొదలైంది. ఆయన సిగరెట్ ముట్టరు. బట్టలు దులిపితే తెల్లటి పొడి రాలుతుంది. ఉతికేది నేను. ఆర్నెల్లుగా నాకూ దగ్గు వస్తోంది. మా ఇంట్లో ఇంకా చెప్పలేదు. మా తమ్ముడు మీ ఆఫీసులోనే పనిచేస్తాడు. అబద్ధమైతే వాణ్నే అడగండి.”

ఎవరూ అడగలేదు. తర్జుమా ఆ కాగితాన్ని మడవబోయి, ముద్ర చూసి మళ్లీ కట్టలో పెట్టాడు.

ఇంతలో హెడ్డాఫీసు ఫోను. ఎందరు స్పందించారని అడిగారు.

“నూటికి నూరు సార్. కాదు, ఒకటి ఎక్కువే,” అన్నాడు మేనేజరు గోనెసంచి వంక చూస్తూ.

అవతల ఆనందానికి హద్దు లేదు. ఏ ఫ్యాక్టరీలోనూ సగం ఫారాలు కూడా వెనక్కి రాలేదట. సరే, వచ్చిన అభిప్రాయం మీద ఏం చర్య తీసుకున్నారో శుక్రవారంలోపు రాసి పంపమన్నారు. నివేదికలో ప్రత్యేకంగా వేస్తారట.

మేనేజరు ఫోను పెట్టేసి సొరుగులోంచి అగ్గిపెట్టె తీశాడు. ఫారాలు తగలబెడదామంటే ముద్రలు, రిజిస్టరు. ఉన్నట్టుండి ఆయన మొహం వెలిగింది.

“దగ్గని రాసినవాళ్లెందరు?”

“ఎనభై ఏడు మంది సార్.”

“వాళ్లు పనికి తగరని తీసేద్దాం. భార్యలే రాసిచ్చారు, కాదనేవాడెవడు? అభిప్రాయం మీద చర్య అంటే ఇదే మరి! ఉత్తరాలు తయారుచెయ్యి. డాక్టరు సంతకం నేను పెట్టిస్తాను.”

ఎనభై ఏడులో బావ ఉన్నాడు. కాదంటే ఈ ఉత్తరాలు ఇంకొకడు రాస్తాడు. తర్జుమా కలం తీశాడు. “కారణం గడిలో ఏం రాయమంటారు సార్? డాక్టరుగారు ఎప్పుడూ సిగరెట్ అనే రాస్తారు.”

“సిగరెట్ తాగేవాణ్ని తీసేసే రూలుంటే ముందు నేను పోవాలి. దుమ్ము పడదనో ఏదో రాయవయ్యా. మంచి తెలుగులో పెట్టడం నీకు కొత్తా?”

తర్జుమా సీట్లో కూర్చున్నాడు. ఆరేళ్లలో మొదటిసారి ఉన్నది ఉన్నట్టు రాశాడు. “ఫ్యాక్టరీ మిక్సింగ్ షెడ్డులోని రాతినార దుమ్ము వల్ల ఊపిరితిత్తులు దెబ్బతిన్నందున.” ఎనభై ఏడు సార్లు. మేనేజరు పై కాగితం కూడా చదవలేదు. డాక్టరు ఒక చేత్తో ఫోను పట్టుకుని, రెండో చేత్తో ఎనభై ఏడు సంతకాలు గీకి చేతులు దులుపుకున్నాడు.

సాయంత్రం ఇంట్లో అగ్గి రాజుకుంది.

“నా చేతే రాయించి నా మొగుణ్ని తీయిస్తావట్రా!” అక్క ఉత్తరాన్ని తమ్ముడి మొహాన కొట్టింది. “తమ్ముడివా, పగవాడివా? రేపట్నుంచి ఏం తింటాం? నీ నున్నటి కాగితాలా?”

“కారణం గడి చదువక్కా.”

“నేను చదివేదేంటి!”

కింద పడ్డ ఉత్తరాన్ని బావ తీశాడు. ఒకసారి చదివాడు. కిటికీ దగ్గరకెళ్లి మళ్లీ చదివాడు. నవ్వాడు. నవ్వు దగ్గైంది, దగ్గు తెగడానికి పది నిమిషాలు పట్టింది.

“ఏమే, డాక్టరు సంతకం. ఫ్యాక్టరీ ముద్ర. దుమ్ము వల్లేనట,” అన్నాడు ఆయాసపడుతూ. “నాలుగేళ్లుగా కాళ్లు పట్టుకుంటే ఇవ్వని కాగితం ఇంటికి పంపించారు. ఒరేయ్ తర్జుమా, ఉద్యోగం పోగొట్టి మందు ఇప్పించే బావమరిది నాకు తప్ప ఎవడికీ దొరకడురా.”

అక్క ఉత్తరం లాక్కుని చదివింది. ముక్కు చీదుకుని, పక్కకు తిరిగి చిన్నగా దగ్గింది. ఇద్దరు మగవాళ్లూ ఒకేసారి తలెత్తారు.

“నువ్వూ వస్తున్నావు రేపు పెద్దాసుపత్రికి,” అన్నాడు తర్జుమా.

“నాకేం ఉత్తరం ఇచ్చారని?”

ఆవిడ ఫ్యాక్టరీ మనిషి కాదు. పొడి మాత్రం ఫ్యాక్టరీదే.

మేనేజరు శుక్రవారం నివేదిక పంపాడు. “భాగస్వాముల అభిప్రాయాన్ని గౌరవించి తక్షణ చర్యలు చేపట్టాం. ప్రస్తుతం మా ఆవరణలో దగ్గు పూర్తిగా తగ్గిపోయింది.” హెడ్డాఫీసు ఆయనకు ప్రశంసాపత్రం పంపింది. దాన్ని తెలుగులో పెట్టే పనీ తర్జుమాకే పడింది.

ఉత్తరాలు పట్టుకున్న ఎనభై ఏడు మందీ పెద్దాసుపత్రి వరండాలో బారులు తీరారు. కాగితం చూసి ఎవరూ వంక పెట్టలేకపోయారు. బావ వంతు వచ్చింది. అక్కడి డాక్టరు ఎక్స్‌రేను వెలుతురుకెత్తి చూసి, దించి బల్ల మీద పెట్టాడు.

“ఇంత ముదిరేదాకా ఎవరికీ చెప్పలేదా?”

“చెబుతూనే ఉన్నామండీ,” అంది అక్క. “అడిగింది మాత్రం మొన్ననే.”