అత్తగారి కాలు, అల్లుడుగారి కార్పెట్టు

కారు తలుపులు నాలుగూ మూసే ఉన్నాయి. అయినా అత్తగారి కుడికాలు రోడ్డు మీదకు దిగింది.

"అల్లుడుగారూ, కాస్త బండి ఆపండి," అన్నారావిడ వెనక సీట్లోంచి నిదానంగా. "నేను నడుస్తున్నాను."

అల్లుడు ఇంజినీరుగారు బ్రేకు మీద నిలబడ్డారు. రోడ్డంతా గుంతలు కావడంతో కారు అప్పటికే నత్తనడక నడుస్తోంది. అదే పెద్దావిడను కాపాడింది. మడమ చెక్కుకుపోవడంతో సరిపోయింది. చెప్పు మాత్రం ఊడిపోయి వెనక గుంతలోని బురదనీళ్లలో కాగితప్పడవలా తేలుతోంది.

అయ్యా, అమ్మా, దీన్ని మీరు ప్రమాదం అంటారు. నేను అదృష్టం అంటాను. అడుగు తుప్పు పట్టిన పాత కారును మించిన వరం సంసారికి మరొకటి లేదు!

నిదానంగా ఆలోచించండి. కొత్త కార్లకు నెత్తిమీద అద్దం బిగించి, ఆకాశం కనబడుతుందని గొప్పగా అమ్ముతున్నారు. ఆకాశం ఎవడిక్కావాలి? అదెక్కడికి పోతుంది? చూసుకోవలసింది రోడ్డును కదా. ఇంజినీరుగారి కారులో అది కాళ్ల సందునుంచే కనిపిస్తుంది.

లాభాలు ఇంకా ఉన్నాయి. పెన్ను జారిపోతే సీటు కింద తల దూర్చి వెతుక్కోనక్కర్లేదు, వెనక వీధిలో పడి ఉంటుంది. వానాకాలంలో కాళ్లు కడుక్కునే పని తప్పుతుంది. బ్రేకులు పట్టకపోతే కుటుంబమంతా తలో కాలూ ఆనిస్తే సరి. ఇక దొంగ అంటారా? వాడు కారెక్కి దర్జాగా కాలు చాపుకునేలోపు ఆ కాలే వాణ్ణి పట్టిస్తుంది. ఇన్ని సౌకర్యాలు ఏ షోరూములో దొరుకుతాయి?

అత్తగారికి ఈ విశాల దృష్టి లేకపోయింది. కూతురికి అంతకన్నా లేదు.

"ఏమండీ," అంది ఇంజినీరుగారి భార్య, తల్లి మడమకు కట్టు కడుతూ. "ఈ చిల్లుకు కారణం ఎవరో ఆదివారానికల్లా తేల్చండి. వాళ్ల చెయ్యి మళ్లీ దాని మీద పడదంటేనే బాగుచేయించుకోండి. తేలలేదా, పాత ఇనుము కొనేవాడికి ఇచ్చేస్తాను."

"ఇంత చిన్న విషయానికా?"

"మా అమ్మ కాలు చిన్న విషయమా?"

ఇంజినీరుగారికి ఆ కారంటే ప్రాణం. ఉద్యోగంలో చేరిన కొత్తలో కొన్న కారు అది. మూడో గేరు ఎక్కడ మొరాయిస్తుందో, ఏ తలుపును ఎంత విసురుగా వేస్తే పడుతుందో ఆయన చేతులకు తెలుసు. ఇంట్లో ఆయన మాట వినేది అదొక్కటే. దాన్ని పాత ఇనుము వాడి సుత్తులకు అప్పగించడమా? ఆ సాయంత్రమే దర్యాప్తు మొదలుపెట్టారు. ఆయన పురపాలక సంఘంలో రోడ్ల ఇంజినీరు కనుక దర్యాప్తులు కొత్త కాదు. ఏ రోడ్డు కొట్టుకుపోయినా, తాను తప్ప ఇంకెవరు కారణమో తేల్చడంలో ఆయనది అందెవేసిన చెయ్యి.

మొదటి ముద్దాయి కార్లు కడిగే మనిషి.

"బకెట్లకొద్దీ నీళ్లు గుమ్మరించింది నువ్వేగా?" అని నిలదీశారు.

"మీ కారు కడిగి ఎన్నాళ్లయింది సార్. వానకు ఎలాగూ తడుస్తుందిగా, ఇక చాల్లే అని మీరే మాన్పించారు."

అతన్ని వదిలేయక తప్పలేదు. అనుమానం సరాసరి బాధితురాలి మీదకు మళ్లింది. వానల్లో ఆవిడ గొడుగు లేకుండా బయలుదేరరు మరి.

"అత్తయ్యా, ఏమీ అనుకోకండి. కారెక్కాక తడిగొడుగు ఎక్కడ పెట్టుకుంటారు?"

"ఒళ్లో."

"కింద పెట్టొచ్చుగా?"

"కింద పెడితే ఇంకా తడుస్తుంది బాబూ."

ఆదివారం పొద్దున, వాన వెలిశాక, కారును సీట్లు కుట్టే షాపుకు తీసుకెళ్లారు. షాపు యజమానిని అందరూ సూదిమాస్టారు అంటారు. అత్తగారు కూతురిని వెంటబెట్టుకుని ఆటోలో వచ్చి, స్టూలు వేయించుకుని, కట్టుకాలు చాపుకుని కూర్చున్నారు. తీర్పు వినకుండా కదిలే మనిషి కాదు.

సూదిమాస్టారు సీట్లు విప్పి కార్పెట్టు లాగాడు. బూడిదరంగుది, అరిగి దారాలు తేలింది. దాని కింద ఎర్రది. ఎర్రదాని కింద ఆకుపచ్చది. దాని కింద రబ్బరు మ్యాటు, మ్యాటు కింద ఏనాడో తడి తగలకూడదని పరిచిన ప్లాస్టిక్ కాగితం, కాగితం కింద స్పాంజి. చిల్లు ఉన్న చోట మాత్రం అన్నీ నాని చిరిగిపోయాయి. ఆ స్పాంజిని ఇంజినీరుగారు రెండు చేతులతో ఎత్తితే మోచేతుల దాకా నీళ్లు కారాయి. పైనుంచి దిగిన నీళ్లన్నీ అందులో కాపురం పెట్టాయి. అడుగు రేకు ఎండుటాకులా పొరలు పొరలుగా లేస్తోంది. అత్తగారి కాలు దిగిన చోటులోంచి షాపు నేల స్పష్టంగా కనిపించింది.

"తవ్వకాల్లో పాత నగరం బయటపడ్డట్టుంది," అంది భార్య.

ఇంజినీరుగారు ఆ మాట విననట్టే సూదిమాస్టారు వైపు తిరిగారు.

"ఇన్ని పొరలు ఎవరేశారయ్యా?"

"నేనే సార్. పాతది అరిగిపోయిందని మీరు కొత్తది తెచ్చేవారు. కింద తడిగా ఉంది, విప్పి ఆరబెట్టమంటారా, పైన పరిచేయమంటారా అని నేను ప్రతిసారీ అడిగాను."

"అడిగితే నేనేమన్నాను?"

సూదిమాస్టారు సూదిలో దారం ఎక్కిస్తూ చాలాసేపు కన్ను చిట్లించాడు. పాత ఖాతాదారు. ముందు ముందు కుట్టవలసిన సీట్లు ఇంకా ఉన్నాయి.

"గుర్తులేదు సార్."

"విన్నారా అత్తయ్యా? సాక్ష్యం లేదు."

"ఆయనకు గుర్తులేదు, సరే. మీకు?"

"నాకు పని ఒత్తిడి."

ఇప్పుడేం చెయ్యాలో సూదిమాస్టారు చెప్పాడు. అన్నీ బయట పారేసి బండిని ఎండలో పెట్టాలి. తుప్పంతా వైరు బ్రష్షుతో గీకి, కుళ్లిన రేకు కోయించి, వెల్డింగుతో కొత్త ముక్క వేయించాలి. ప్రైమరు, ఆ పైన రంగు. నీళ్లు ఏ సందులోంచి వస్తున్నాయో చూసి మూయాలి. ఒళ్లంతా ఆరాకే కార్పెట్టు.

"ఎన్నాళ్లు పడుతుంది?"

"ఎండను బట్టి సార్."

"ఎండను బట్టి పనిచేస్తే ఈ ఊళ్లో ఒక్క రోడ్డయినా పడేదా?" అన్నారు ఇంజినీరుగారు. ఊళ్లో రోడ్లు పడే ఉన్నాయన్నది ఆయన ఉద్దేశం.

అంతలో ఆయనకు అసలు ముద్దాయి దొరికాడు. వెనక తలుపు అంచున రబ్బరు చీలి వేలాడుతోంది. నోరులేనిది, ఎదురు చెప్పలేనిది, ముసలిది. ఇంతకన్నా మంచి దోషి ఎవరికి దొరుకుతాడు?

"అదిగో. నీళ్లు వచ్చింది ఈ రబ్బరులోంచి. దీన్ని మార్చేస్తే సరి. చూశావటోయ్, తేల్చేశాను."

భార్య వంగి చూసింది. రబ్బరు చీలిన మాట నిజమే. ఆవిడ ముఖం మెత్తబడింది. సుత్తుల కింద నుంచి కారు బయటపడ్డట్టే. ఇంజినీరుగారు హమ్మయ్య అనుకున్నారు.

సరిగ్గా అప్పుడే ఆయన ఫోన్ మోగింది.

చేతుల నిండా నీళ్లోడే స్పాంజి. భార్య ఆయన జేబులోంచి ఫోన్ తీసి, స్పీకరు ఆన్ చేసి, ఆయన నోటి దగ్గర పట్టింది. అవతల రోడ్డు పని చూసే సూపర్‌వైజరు.

"సార్, తారు లారీ వచ్చేసింది. పొద్దున వానకు గుంతలనిండా నీళ్లున్నాయి. నీళ్లు తోడించి, ఆరాక వేయమంటారా, ఇలాగే పైన వేసేయమంటారా?"

పాఠకులారా, కొన్ని ప్రశ్నలకు జవాబు బుర్రలోంచి రాదు. ఏళ్ల తరబడి సాధన చేసిన నాలుక మీదనుంచి దానంతటదే జారిపోతుంది.

"వేసేయండి," అన్నారు ఇంజినీరుగారు.

భార్య ఫోన్ కట్టేసి, చుక్కలు కారుతున్న స్పాంజి వైపు చూసింది.

"ఆఁ, అదే మాట సార్," అన్నాడు సూదిమాస్టారు, పోయిన వస్తువు దొరికినంత సంబరంగా. "ప్రతిసారీ అదే అన్నారు. ఇప్పుడు గుర్తొచ్చింది."

ఇప్పటికైనా ఒప్పుకుంటారా, కారు అడుగున చిల్లు వరమని? ఎన్ని విచారణ సంఘాలు కూర్చున్నా ఈ ఊరి రోడ్ల సంగతి తేల్చలేకపోయాయి. ఒక్క కాలు కిందకు దిగి తేల్చింది.

ఆ కాలుగల పెద్దావిడ స్టూలు మీదనుంచి లేచారు.

"అమ్మాయ్, ఇనుము వాణ్ణి పిలవకు. పాపం, కారు తప్పేం లేదు," అన్నారావిడ, షాపంతా వినబడేలా. "చిల్లు పెట్టిందీ మీ ఆయనే, ఆ చిల్లు కింద గుంత పెట్టిందీ మీ ఆయనే."