గున్నమ్మ పుండు మానలేదు

1968 ఆగస్టు పదమూడు మధ్యాహ్నం మూడు గంటలకు రాజాంలోని ఒక మూలికా పరిశోధనాలయంలో, చీము పుట్టించే సూక్ష్మజీవులన్నీ పక్షపాతం లేకుండా చచ్చిపోయాయి. చిత్రమూలం వేళ్లనుంచి భీమశంకరరావు వేరుచేసిన పసుప్పచ్చ పొడి వాటిని చంపింది. ఏడేళ్ల శ్రమ ఫలించినందుకు ఆయన కళ్లు చెమర్చాయి.

వెంటనే పైవాళ్లకు రాశాడు. అయిదుగురు సభ్యుల సంఘం దిగింది. అధ్యక్షులు నారాయణమూర్తిగారు గాజుపళ్లెంలోకి చాలాసేపు తొంగిచూసి, "చచ్చాయి సరే, శవాలేవీ?" అన్నారు. అవి కంటికి కనబడవని భీమశంకరరావు మనవిచేసుకున్నాడు. కనబడనివాటి చావు చెల్లదనీ, మనిషి పుండు మీద మాన్పి చూపాలనీ సంఘం తీర్మానించింది.

పుండు కోసం వెతుక్కోనక్కరలేకపోయింది. ఆ వేళ్లు తవ్వి తెచ్చే గున్నమ్మ కాలికే ఉంది. అయితే పొడి రాయడానికి అనుమతి కావాలి. అందుకు పుండు పొడవు, వెడల్పు, పుండుదారు తండ్రిపేరు మూడు ప్రతుల్లో పంపాలి. పంపాడు. రెండు నెలలు గడిచాయి.

"కాయితం వచ్చినాదేటి బాబూ?" అని గున్నమ్మ రోజూ కుంటుకుంటూ వచ్చి అడిగేది. ఇంకా రాలేదనేవాడు ఆయన. పాదం వాచింది, జ్వరం తగిలింది. ఆమె రావడం మానేసింది. ఆయనకు అన్నం సయించలేదు.

చివరకు అనుమతి వచ్చింది, వెనకే సంఘమూ వచ్చింది. కబురందుకుని గున్నమ్మ చకచకా నడిచి వచ్చింది.

"పెరట్లో సిత్రమూలం ఏరే నూరి రాసుకున్నాను బాబూ. మంటెత్తింది గానీ మానిపోనాది. మాయమ్మ కాడినుంచీ అదే కదేటి!"

భీమశంకరరావు గుండె పొంగింది. అధ్యక్షుల ముఖం ముడుచుకుంది.

"అనుమతి అందకముందే మానడం క్రమశిక్షణారాహిత్యం!" పదిహేను రోజుల్లోగా పుండును యథాపూర్వస్థితిలో హాజరుపరచాలని గున్నమ్మకు తాఖీదిచ్చారు. అంతవరకూ 'పుండు మానలేదు' అని నివేదిక. దాన్ని భీమశంకరరావు ముందుకు తోసి, "డైరెక్టరు పదవికి మీ పేరే పరిశీలనలో ఉంది," అని దీవించారు.

"నా కాలు సూసి సెప్పు బాబూ. మానినాదా, లేదా?" అంది గున్నమ్మ.

ఆయన చూశాడు. చూసి సంతకం పెట్టాడు. ఆమె వెళ్లిపోతుంటే, ఆ నడకలో కాస్త కుంటయినా దొరక్కపోతుందా అని ఆశగా చూస్తూ నిలబడ్డాడు.

మర్నాడు 'చిత్రమూలంతో పుండు మానలేదు' అని పేపర్లో పడింది. అంతే, గున్నమ్మ ఇచ్చిన వేరు రాసుకుని ఏనాడో కోలుకున్న పెద్దమనుషులందరూ ఆస్పత్రి ముందు బారుతీరారు. వరుసలో మొదట నిలబడ్డ జోగయ్య షావుకారు నున్నటి పిక్క చూపించి బావురుమన్నాడు:

"పైకి అగుపడదు గానీ, మానలేదంట డాట్రుబాబూ! ఇంజీసనెయ్యండి."