మూతి చూపిన దారి

ప్రయాణం ఎలా సాగాలో లిహియా ఆ ఉదయం వంటింటి బల్ల మీద పరిచి చూపించింది. కాఫీ కూజా తమ ఇల్లు. పొడుగు గరిటె నది. గాజుల్లా గుండ్రంగా ఉండే బియ్యప్పిండి రొట్టెలు ఒక్కొక్కటీ ఒక్కొక్క మజిలీ. బల్ల చివర ఉప్పుడబ్బా గార్సీతాస్, ఆమె తల్లి పుట్టిన చోటు.

"ఇదిగో, ఇక్కడ వాగు దాటతాం. ఇక్కడ దోన్యా ఆలిక్స్ వాళ్ళ పశువుల దొడ్డి. కాఫీ తాగి లేచిపోతాం, అంతే. ఇది మడుగు. పొద్దు వాలేలోగా గార్సీతాస్," అని బల్ల వంక మళ్ళీ చూసింది. "వాగేదీ?"

భర్త రుబియెల్ నమలడం ఆపాడు.

"వాగు తినేశావా?"

"ఒక్క వాగే కదా! మడుగు అలాగే ఉంది చూడు," అని వేలు పెట్టి చూపించి, ఆ చేత్తోనే దాన్నీ తీసుకున్నాడు.

"పోనీలేవే," అంది గుమ్మం దగ్గర కూర్చున్న తల్లి ఎర్మెలిందా. "ఈ రోజుల్లో వాగుల్నీ మడుగుల్నీ ఎవరో ఒకరు మింగేస్తూనే ఉన్నారు."

లిహియాకు నవ్వు రాలేదు. తల్లి కంటి నరం ఎండిపోతోందనీ, వచ్చే వానలు వెలిసేసరికి ఉన్న చూపు కూడా ఉంటుందని చెప్పలేననీ యోపాల్ పట్నంలో డాక్టరు అన్నాడు. ఇప్పటికే ఎర్మెలిందా లోకాన్ని గొట్టంలోంచి చూసినట్టు చూస్తోంది. పొద్దు గూకితే అదీ లేదు. ఆవిడ అడిగింది ఒక్కటే. చిన్నప్పుడు గార్సీతాస్‌లో సాయంత్రమయ్యేసరికి మొరీచే తాటిచెట్ల మీద ఎర్ర కొంగలు దిగేవి. పచ్చటి తోపు చూస్తూ చూస్తూ ఉండగానే ఎర్రబడేది. ఆ ఎరుపు మరొక్కసారి చూడాలి. అడిగిన రోజు నుంచీ లిహియాకు కంటిమీద కునుకు లేదు.

ఎండాకాలంలో ఊరు దాటాక పరుచుకున్న గడ్డి మైదానాల్లో దారి లేక చిక్కు కాదు, మరీ ఎక్కువై చిక్కు. ప్రతి జీపూ తనకు తోచినట్టు పోయి ఒక జాడ వదులుతుంది. జాడలన్నీ చిక్కుపడిన జడలా ఉంటాయి. వాటిని విడదీయగల మనిషి దోన్ సెనోన్. లిహియా జ్ఞానస్నానం నాడు జ్ఞానతండ్రిగా నిలబడినవాడు. ఎర్మెలిందాను "కొమాద్రే" అని పిలిచే చనువు ఆ చుట్టరికంతో వచ్చిందే. ఇద్దరూ ఒంటరివాళ్ళయి చాలా కాలమైంది. అక్కడి పాతవాళ్ళందరిలాగే ఆయన దారి చూపడానికి చెయ్యి ఎత్తడు. చేతులున్నది కళ్ళెం పట్టుకోవడానికి. దారి చూపేది మూతి. పెదవులు రెండూ ముందుకు చాచి, పోవలసిన వైపు ఒక్క విసురు విసురుతాడు. ఆ మూతిని నమ్మి చెడినవాడు లేడు.

ఆ ఉదయం ఆయన ఇస్త్రీ చొక్కా, కొత్త టోపీ, నోటి నిండా కొత్త పళ్ళతో దిగాడు.

"పళ్ళ సెట్టు ఎప్పుడు కట్టించారు పెదనాన్నా?"

"మొన్న" అనబోయాడు. "మొస్స" అని వచ్చింది. ఆ తర్వాత ఆయన ఆ రోజుకు మాట్లాడటం మానుకున్నాడు. సెట్టు ఒక పక్కకు బరువేమో, చాచిన పెదవులు సగం దూరం నేరుగా వచ్చి అక్కడి నుంచి ఎడమకు ఒరిగిపోతున్నాయి.

"ఎవరో పెళ్ళికొడుకు వచ్చినట్టున్నాడే," అంది ఎర్మెలిందా, సెంటు వాసనను బట్టి.

ఊరు దాటి మొదటి చీలిక రాగానే దోన్ సెనోన్ మూతి ఎడమకు విసిరాడు. రుబియెల్ ఎడమకు తిప్పాడు.

"కుడికి కదూ పోవాలి?" అంది వెనక సీట్లోంచి లిహియా.

"మూతి ఎడమకి చూపించింది."

"ఎడమకి చూపించింది పళ్ళు. మూతి కుడికే పోదామనుకుందేమో!"

"మరి నేనిప్పుడు దేని మాట వినాలి?"

దోన్ సెనోన్ గంభీరంగా ముందుకు చూస్తూ కూర్చున్నాడు. అప్పటి నుంచి రుబియెల్ పళ్ళ వాటా కొంత తీసేసి తిప్పడం మొదలుపెట్టాడు. ఎంత తీసెయ్యాలో తెలియక ఒకసారి ఎక్కువ తీశాడు, ఒకసారి తక్కువ తీశాడు. దోన్యా ఆలిక్స్ దొడ్డికి పొద్దున్నే చేరవలసినవాళ్ళు, నడినెత్తిన ఎండలో, పెరటి వైపు నుంచి చేరారు.

ఆవిడ కాఫీ పోసింది. అవతలికి ఏ గేటులోంచి పోవాలో అడుగుతూ దోన్ సెనోన్ మూతి చాచాడు. మూతికీ గేటుకీ నడుమ బలిసిన కోడిపెట్ట ఒకటి గింజలేరుకుంటోంది.

"అయ్యో దోన్ సెనోన్, అంత మొహమాటపడి అడగాలా! మీకు కాదంటానా?" అంది దోన్యా ఆలిక్స్. మాట పూర్తయ్యేలోగా కోడి మెడ విరిగింది. విరిగాక వద్దంటే ఆ ఇంటిని అవమానించినట్టే. పులుసు ఉడికేదాకా లిహియా నేల మీది నీడల్ని చూస్తూ కూర్చుంది. నీడలు సాగుతున్నాయి.

తిని లేచాక దోన్ సెనోన్ మళ్ళీ గేటు సంగతి అడిగాడు. ఈసారి మూతికీ గేటుకీ నడుమ నిలబడింది దోన్యా ఆలిక్స్. అప్పుడే ఆవిడ భర్త భుజాన తాడుతో లోపలికి వచ్చాడు.

"మా కోడిని తిని, మా ఆవిడకే మూతి చాస్తున్నావా ముసలోడా?"

"అది గేటు కోసం బాబాయ్!" అంది లిహియా.

"గేటు అటుంది!"

"నోర్ముయ్యవయ్యా!" అంది దోన్యా ఆలిక్స్. "కాపురానికొచ్చిన ఇన్నేళ్ళలో నువ్వు ఒక్కసారైనా చాచిన పాపాన పోయావా?"

ఆ ప్రశ్నకు జవాబు వినడానికి వాళ్ళు ఆగలేదు. కనబడిన గేటులోంచి జీపు బయటపడింది. కాసేపటికి ఇసుకలో కూరుకుపోయింది. చక్రాల కింద గడ్డి వేసి, తోసి, పైకి లాగేసరికి పొద్దు బాగా వాలింది.

"పొద్దెక్కడుందే?" అని అడిగింది ఎర్మెలిందా.

"ఇంకా పైనే ఉందమ్మా," అంది లిహియా. ఆమె ముందుకు వంగి దోన్ సెనోన్ భుజం పట్టుకుంది. "పెదనాన్నా, మీకు దణ్ణం పెడతాను. ఆ పళ్ళు తీసెయ్యండి. మా అమ్మకి మళ్ళీ రావడానికి కుదరదు."

ఆయన వెనక్కి తిరిగి ఎర్మెలిందాను చూశాడు. పళ్ళు తీయలేదు. ఎడమకు మూతి విసిరాడు. రుబియెల్ ఈసారి ఏమీ తీసెయ్యకుండా, మూతి చెప్పినంతా తిప్పాడు.

గడ్డి పల్చబడి నీళ్ళు కనిపించాయి. పెద్ద చెరువు. గట్టున తాటిచెట్లు లేవు, ఎండిన మోడులున్నాయి. ఇది గార్సీతాస్ కాదని లిహియాకు చూడగానే తెలిసింది. ఆమె నోరు తెరిచేలోపు దోన్ సెనోన్ దిగి, ఎర్మెలిందా చెయ్యి పట్టి దింపి, "ఇహే కొమాజ్రే," అన్నాడు.

మొదట ఒక్క కొంగ వచ్చింది. తర్వాత ఐదారు. తర్వాత ఆకాశం అంచు చిరిగినట్టు గుంపులు గుంపులుగా దిగాయి. మోడులు మొదలంటా ఎర్రబడ్డాయి, నీళ్ళు ఎర్రబడ్డాయి. ఎర్మెలిందా తన గొట్టాన్ని ఆ చివర నుంచి ఈ చివరకు మెల్లగా తిప్పుతూ చూసింది. రుబియెల్ టోపీ తీశాడు. చీకటి పడి, చూడటానికేమీ మిగలనప్పుడు కూడా ఆవిడ అటే తిరిగి నిలబడింది.

లిహియా జీపు వెనక్కి వెళ్ళింది. దోన్ సెనోన్ పళ్ళు ఊడదీసి రుమాలులో చుట్టుకుంటున్నాడు.

"పెదనాన్నా, గార్సీతాస్ ఎటు?"

ఆయన మూతి చాచాడు. ఒరగలేదు, తడబడలేదు. వాళ్ళు వచ్చిన దిక్కుకే నేరుగా విసిరాడు.

"అయితే మీకు తెలుసు!"

"తోపు నరికేసి వరి వేశారమ్మా. మడుగుకి కాలవ తవ్వి నీళ్ళు లాగేశారు. పళ్ళకని వెళ్ళినప్పుడు చూసొచ్చాను. పొద్దున్న మీ ఇంటికొచ్చింది ఆ సంగతి చెబుదామనే. నోరు రాలేదు."

"మరి ఆ పళ్ళు?"

"పళ్ళు మాత్రం నిజంగానే కుదరలేదు," అన్నాడు ఆయన దిగులుగా.

తల్లికి ఈ మాట ఎన్నటికీ చెప్పకూడదనుకుంటూ లిహియా చెరువు గట్టుకు వచ్చింది.

"ఆయన్నేమీ అనకు," అంది ఎర్మెలిందా. "మొరీచే ఆకు గాలికి వాన కురిసినట్టు చప్పుడు చేస్తుంది. ఇక్కడ ఆ చప్పుడే లేదు. గార్సీతాస్‌ని వరికోసం కొన్నారని నిరుడే విన్నాను."

"మరి పొద్దున్నే చెప్పొచ్చు కదమ్మా!"

"రొట్టెలు అంత ముచ్చటగా పేర్చావు. నాకూ నోరు రాలేదే. అయినా నేనడిగింది ఎరుపు. చూశాను. ఒక్క అబద్ధం ఆడటానికి పాపం, నోటినిండా పళ్ళు కట్టించుకొచ్చాడు."

మర్నాడు తిరుగు ప్రయాణంలో ఎర్మెలిందా ముందు సీట్లోకి మారి దోన్ సెనోన్ పక్కన కూర్చుంది. పళ్ళ సెట్టు ఆయన చొక్కా జేబులోనే ఉంది. అయినా దారి రెండుసార్లు తప్పింది.