రెండు గజాలు నాలుగున్నర అడుగులైన శుభవేళ

డిజైన్ బొమ్మను ఒక కంప్యూటర్ ప్రోగ్రాములోంచి ఇంకో ప్రోగ్రాములోకి పంపితే సైజు మారిపోతోందని గుండెలు బాదుకునేవాళ్లకు నాదొక మాట. ఏడవకండి, పండగ చేసుకోండి! కరోనా కాలంలో మనుషుల్ని దగ్గర చేసిన శక్తి అదొక్కటే.

నమ్మరా? సూరత్‌లోని మా అమ్రోలికి రండి.

లాక్‌డౌన్ సడలించగానే మా ఆవిడ పద్మారాణి తన టిఫిన్ సెంటర్ మళ్లీ తెరవబోయింది. కొనేవాళ్లు రెండు గజాల ఎడంతో నిలబడేలా నేలమీద గుర్తులు వేస్తేనే అనుమతి అన్నారు మున్సిపాలిటీవాళ్లు. నెలల తరబడి పొయ్యి వెలగని కొట్టు అది. మళ్లీ మూతపడితే గదిని ఇంకెవరికో ఇచ్చేస్తానని ఓనరు ముందే చెప్పాడు.

సుద్దముక్కతో గీసుకుంటే సరిపోయేది. కానీ సూరత్‌లో ఉంటూ, ఇంట్లో డిజైనర్‌ను పెట్టుకుని సుద్దముక్కా? చీరల ప్రింట్లు గీసే మా మేనల్లుడు సుజిత్ కంప్యూటర్లో పాదాల జతలు గీశాడు. జతకూ జతకూ మధ్య సరిగ్గా ఆరడుగులు. ఫైలు వరాఛాలోని ఒక స్టిక్కర్ల షాపుకు పంపాడు. వాళ్లు తమ ప్రోగ్రాములో తెరిచి ప్రింటు కొట్టారు.

సుజిత్ ప్రోగ్రాము అంగుళానికి డెబ్బై రెండు చుక్కలు లెక్కేస్తుందట, షాపువాళ్లది తొంభై ఆరట. అంతే, అవే చుక్కలు తక్కువ అంగుళాల్లో సర్దుకుని ఆరడుగులు నాలుగున్నర అయ్యాయి!

స్టిక్కరు పరిచాక పద్మారాణి నడుం మీద చేతులు వేసుకుంది. "ఏందిది? గీ పాదాలు పెద్దోళ్లయా, పోరగాండ్లయా?"

సుజిత్‌కు ఫోను చేశాను. "నా స్క్రీన్ మీద బరాబర్ ఉంది మామా" అన్నాడు. షాపుకు చేశాను. "హమారే స్క్రీన్ పే భీ బరాబర్ హై" అన్నారు. రెండు స్క్రీన్లు సాక్ష్యం చెబుతుంటే తప్పు నేలదే కదా!

లాభాలు చూడండి. మా క్యూ పక్కింటి గేటు దాకా పోకుండా ఆగింది, గొడవ తప్పింది. లాక్‌డౌన్‌లో మగ్గాలు ఆగినప్పటినుంచీ మాట్లాడుకోని నేత కార్మికులు గోపాల్, వెంకటయ్య గుసగుసలాడుకునేంత దగ్గరయ్యారు. ఇంకో గిరాకీ దశరథం ఆ బుల్లి పాదాల్లో ఇమడాలని మునివేళ్ల మీద నిలబడి ఇడ్లీలు తీసుకున్నాడు. ఇడ్లీతో పాటు వ్యాయామం ఉచితం!

ఈ విద్య ఇంకా విస్తరించాలి. ముక్కులో దూర్చే టెస్టు పుల్ల, కర్ఫ్యూ, నా పొట్ట, అన్నీ ముప్పావు వంతే అయితే ఎంత హాయి?

ఆ వారమే తనిఖీకి ఒకాయన వచ్చాడు. పాపం, ఆయన దగ్గర స్క్రీన్ లేదు. టేపు ఉంది.

షట్టరు దించి సీలు వేశారు. పద్మారాణి రుబ్బిన పిండిగిన్నె పట్టుకుని రోడ్డు మీద నిలబడిపోయింది. "జర టేపు వెట్టి సూస్తే ఏం పోతుండె?" అని మాత్రం అడిగింది. నాకు తల ఎత్తబుద్ధి కాలేదు.

బొమ్మ పక్కన అడుగు పొడవు గీత ఒకటి గీసి 'ఇది అడుగు' అని రాస్తే చాలట. తెరిచినవాడు, ప్రింటు మీద ఆ గీతను కొలిచి చూస్తే చాలట. పంపినవాడేమో తెరిచేవాడు చూస్తాడనుకున్నాడు. తెరిచినవాడేమో పంపినవాడు చూసే ఉంటాడనుకున్నాడు.

షట్టరు మీద అంటించిన నోటీసు మాత్రం ఏ ప్రోగ్రాములో తయారైందో గానీ, ఎంత ఉండాలో అంతే ఉంది. రోడ్డు అవతల నిలబడినా ప్రతి అక్షరం కనిపిస్తోంది.